రాజు వదులుకున్న హక్కు

తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో దాపరికం లేకుండా చెప్పాడు. నేటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ రేవుకు వచ్చే వర్తకుల నుంచి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని, ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు చాలునని 1244-45లో ఆయన అభయమిచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం వంటి సరుకులకు రేట్లు సైతం విడివిడిగా చెక్కించాడు. ప్రాణంకన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించినవారిపై దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ పని చేస్తున్నట్టు చెప్పుకున్నాడు.

రాజరికం అంటే ఏమిటో ఇంత నిక్కచ్చిగా చెప్పిన రాతలు మనకు ఎక్కువ లేవు. సింహాసనం, ఛత్రం, బిరుదుల మాట అటుంచితే, లాక్కోగల బలం ఉండీ చెయ్యి ఆపుకోవడంలోనే రాజు గొప్పతనం బయటపడుతుంది. సముద్రానికి దూరాన ఉన్న ఓరుగల్లుకు రేవు అవసరమనీ, దోపిడీకి జడిసిన ఓడ మరో తీరం చూసుకుంటుందనీ గణపతిదేవుడికి తెలియకపోదు. దయ వెనుక లెక్క ఉన్నంత మాత్రాన దాని వన్నె తగ్గదు.

అయితే ఆ అభయానికి పూచీ ఎవరు? మాట తప్పితే వర్తకుడు మొర పెట్టుకోవాల్సింది తప్పినవాడి దగ్గరే. 1323లో ఓరుగల్లు పతనమైంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాల్సి వచ్చింది.

1971లో 26వ రాజ్యాంగ సవరణ మాజీ సంస్థానాల రాజులకు ప్రభుత్వం చెల్లించే రాజభరణాలను, సంస్థానాధీశుల గుర్తింపును రద్దు చేసింది. చట్టం అనుమతించకుండా ఏ పన్నూ వసూలు చేయరాదని 265వ అధికరణం శాసిస్తోంది. ఖజానాకు తీసుకునే విషయంలో పాలకుడి చేతులు ఇలా కట్టేసిన మనం, ఇచ్చే విషయంలో మాత్రం రాజుగారి దర్బారును చెక్కుచెదరకుండా కాపాడుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారగానే పట్టాదారు పాసుపుస్తకంపై ముఖ్యమంత్రి బొమ్మ తీసి రాష్ట్ర ప్రభుత్వ చిహ్నమైన రాజముద్ర వేయాలని నిర్ణయించారు. అది మంచి పనే. అదే ఏడాది వైఎస్సార్ పెన్షన్ కానుక కాస్తా ఎన్టీఆర్ భరోసా అయింది. ప్రజల పన్నుల నుంచి వచ్చే నెలకు 4,000 రూపాయలను ఏ నాయకుడి పేరిట అందుకోవాలో అవ్వాతాతలకు ఎన్నికల ఫలితాలు నిర్ణయిస్తున్నాయి. పెంచిన ఘనత పాలకులు చెప్పుకోవచ్చు, దానికి అడ్డు లేదు. కానీ పింఛను ఎవరికి దక్కుతుందో, ఎంత దక్కుతుందో, అన్యాయంగా ఆపేస్తే ఎన్ని రోజుల్లో ఎవరు విచారించి తీర్పు చెప్పాలో రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ చట్టంలో రాయాలి. ఆ చట్టానికి ఏ నాయకుడి పేరూ పెట్టకూడదు.