వేదిక మీద పదకొండు, కింద పదిహేడు

పగలు నేనేం ఉద్యోగం చేస్తానో ఇక్కడ అనవసరం. సాయంత్రం ఆరు దాటాక మాత్రం నేను సభికుణ్ణి. అలాంటిలాంటి సభికుణ్ణి కాదు, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళ సర్వీసున్న సీనియర్ సభికుణ్ణి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రవీంద్రభారతి, ఎక్కడైనా సరే, ఏ వరుసలో కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుందో, ఏ స్తంభం వెనక కునుకు తీస్తే వేదిక మీదివాళ్ళకి కనబడదో చెప్పగలను. ఈ విద్యకి ఇంతవరకూ ఏ విశ్వవిద్యాలయమూ నాకు గౌరవ డాక్టరేటు ఇవ్వలేదు. వేదిక మీద కూర్చునేవాళ్ళలో సగం మందికి ఉంది.

ముందు ఆహ్వానపత్రం సంగతి. కార్డులు అచ్చు వేయించడం తగ్గిపోయి ఇప్పుడు వాట్సాప్‌లో ఒక బొమ్మ వస్తోంది. అందులో పన్నెండు గుండ్రాలు, గుండ్రానికో తల. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలి ప్రతి స్వీకర్త, సమీక్షకులు ఇద్దరు, వ్యాఖ్యాత, వందన సమర్పణ చేసేవారు, ఇంకా చివర్లో మీసాలాయన ఒకరు, హాలు అద్దె కట్టింది ఆయనేనని తర్వాత తెలుస్తుంది. పుస్తకం అట్ట ఉంటుంది లెండి, కింద మూలన, తపాలా బిళ్ళంత. ముఖ్య అతిథికీ విశిష్ట అతిథికీ తేడా ఏమిటని చాలాకాలం పరిశోధించాను. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు. విశిష్ట అతిథి, 'ఇంకో కార్యక్రమం ఉంది, అన్యథా భావించవద్దు' అని ముందే మాట్లాడేసి వెళ్ళిపోతారు. ఆత్మీయ అతిథి ఎక్కడికీ పోరు, మైకు చేతికి వచ్చేదాకా. వచ్చాక కూడా.

సాయంత్రం సరిగ్గా 6 గంటలకు అని ఉంటుంది. ఆరింటికి మైకు అబ్బాయి వస్తాడని దానర్థం.

మొన్న మే నెలలో నగరంలో ఒక హాలుకి వెళ్ళాను. కవితా సంపుటి ఆవిష్కరణ. వేదిక మీద పదకొండు మంది, కింద పదిహేడు మంది. ఆ పదిహేడులో రచయిత బంధువులు ఆరుగురు, ఫొటోగ్రాఫరు, మైకు అబ్బాయి, పక్క హాల్లో పెళ్ళిచూపులనుకుని పొరపాటున వచ్చి మర్యాదకి కూర్చుండిపోయిన దంపతులు. అంటే నికరంగా నాలాంటి శ్రోతలు ఏడుగురు. వేదిక మీద ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా కనబడేసరికి వ్యాఖ్యాత మా వరుసవైపు చూడటం మొదలుపెట్టాడు, మేం ఏడుగురం ఒక్కసారిగా తలలు దించుకుని చెప్పులు చూసుకున్నాం. సభికుడికి కావలసిన మొదటి నేర్పు ఇదే. ఆ సాయంత్రం ఒకడు ఈ నేర్పులో వెనకబడి పైకెళ్ళాడు. మేం ఆరుగురం మిగిలాం.

జ్యోతి వెలిగించాలంటే ఫ్యాన్లు ఆపాలి. ఆపారు. వెలిగించారు. మళ్ళీ వెయ్యాలని ఎవరికీ గుర్తులేదు. ఆ ఉక్కలో పన్నెండు మందికి పన్నెండు శాలువాలు కప్పారు, మే నెలలో. కప్పడానికి కింద జనం చాలక వేదిక మీదివాళ్ళే ఒకరికొకరు కప్పుకున్నారు. ప్రతి శాలువాకీ ఒక ఫొటో, ప్రతి ఫొటోకీ 'సార్ ఇటు, మేడమ్ కొంచెం నవ్వండి'. నా వాచీ ప్రకారం ఇరవయ్యారు నిమిషాలు. పుస్తకాల కట్టకి చుట్టిన రంగు కాగితం విప్పడానికి పట్టింది నలభై సెకన్లు. ఆ పుస్తకాలు ఛాతీకి ఆనించి అందరూ నిలబడ్డ ఫొటో మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది, అందులో ఇద్దరి చేతుల్లో పుస్తకం తలకిందులుగా ఉంటుంది.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం చెప్పాలి. మనకి అష్టావధానం అని ఒక గొప్ప ప్రక్రియ ఉంది. అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు. ఒకరు నిషిద్ధాక్షరి (పద్యంలో తర్వాత రాబోయే అక్షరాన్ని నిషేధిస్తూ పోవడం), ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఇలా. వాళ్ళలో ఒకరికి మాత్రం అప్రస్తుత ప్రసంగం అప్పగిస్తారు. అవధాని ఏకాగ్రత చెడగొట్టేలా, సందర్భానికి సంబంధం లేకుండా ఏదో ఒకటి అడుగుతూ ఉండటమే ఆయన పని. మన పూర్వులు ఎంత ముందుచూపున్నవాళ్ళో చూడండి. సాహిత్య సభ అన్నాక ఎవడో ఒకడు సంబంధం లేకుండా మాట్లాడక మానడని గ్రహించి, ఆ ఒక్కడికీ ఒక పదవి ఇచ్చి, ఒక కుర్చీ వేసి, ఎనిమిదిలో ఒకటో వంతుకి కట్టడి చేశారు. పుస్తకావిష్కరణల్లో ఈ కట్టడి లేదు. పన్నెండుకి పన్నెండు మందీ అప్రస్తుత ప్రసంగులే. ఒకాయన తన అమెరికా ప్రయాణం చెప్పాడు, అక్కడ మనవడు తెలుగు మాట్లాడటం లేదని బాధపడ్డాడు. ఒకావిడ తను రాయబోయే పుస్తకం గురించి చెప్పింది. సభాధ్యక్షుడు, అధ్యక్షుడు క్లుప్తంగా మాట్లాడాలి అన్న విషయం మీద ముప్పావుగంట మాట్లాడాడు.

నేను ఊరుకోలేదు. అవధానంలోనే ఘంటాగణనం అని ఇంకో అంశం ఉంది, మధ్యమధ్యలో గంట కొడుతూ ఉంటారు, ఎన్నిసార్లు కొట్టారో అవధాని చివర్లో చెప్పాలి. నేను ఆ రోజు 'చారిత్రాత్మకం' అన్న మాటని లెక్కపెట్టాను. పంతొమ్మిది సార్లు. (చారిత్రకం అనాలి అని పక్క కుర్చీ తెలుగు మాస్టారు ప్రతిసారీ గొణిగాడు, అవి కూడా పంతొమ్మిదే.) నా మొదటి ప్రతిపాదన ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. ప్రతి సభలోనూ ఒక నిషిద్ధాక్షరి పృచ్ఛకుణ్ణి కూర్చోబెట్టాలి, 'మహత్తర', 'బహుముఖ ప్రజ్ఞాశాలి', 'నాకు అత్యంత ఆత్మీయుడు' అని నోరు తెరవగానే ఆ అక్షరాన్ని నిషేధించాలి. సభలు పావుగంటలో ముగుస్తాయి. మన భాషలో ఉన్న యాభైఆరు అక్షరాలూ చాలకపోవచ్చు, అది వేరే సంగతి.

సమీక్షకుడి గురించి చెప్పకపోతే అన్యాయం. "పుస్తకం నిన్న రాత్రే చేతికందింది, పూర్తిగా చదివే అవకాశం కలగలేదు" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడాడు. చదివుంటే మమ్మల్ని ఎన్నింటికి వదిలేవాడో. ఆయన కవిని ఠాగూర్‌తో పోల్చాడు. దీనికో కారణముందని నా సిద్ధాంతం. రవీంద్రభారతి 1961లో ఆ మహాకవి శతజయంతి సందర్భంగా కట్టింది, అక్కడ మాట్లాడి మాట్లాడి అలవాటుపడ్డ వక్తలకి ఊళ్ళో ఏ హాల్లో మైకు పట్టుకున్నా నోబెల్ కంటే కింది స్థాయి నోటికి రాదు.

ఇంత జరుగుతున్నా మేం ఆరుగురం లేచి వెళ్ళలేదంటే అది సాహిత్యాభిమానం అనుకునేరు. కార్డు చివర చిన్న అక్షరాల్లో 'సభానంతరం అల్పాహారం' అని ఉంది. సభకి ముందే టిఫిన్ పెట్టేసే నిర్వాహకులు అమాయకులు. బోండా తిన్నవాడు ఉండడు. ఇంగువ తాలింపు వాసన తెర వెనకనుంచి వస్తూ, వడ్డన మాత్రం వందన సమర్పణ తర్వాతే అన్నప్పుడు, మనిషి ఆధునికానంతర కవిత్వం మీద కూడా చెవి ఒగ్గుతాడు.

సంగీత సభల్లో అయినా కాస్త ఊరట ఉంటుందనుకుని మా కాలనీ త్యాగరాజ ఆరాధనకి వెళ్ళాను. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది విద్వాంసులు కలిసి త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ పాడతారు కదా, మేమేం తక్కువని మా కాలనీలో కూడా పాడతాం. ఇక్కడ లెక్క ఇంకా విడ్డూరం. పాడేవాళ్ళు అరవై మంది, వినేవాళ్ళు తొమ్మిది. నాట రాగంలో జగదానందకారక అందరూ గొంతెత్తి అందుకున్నారు. మిగతా నాలుగూ తెలుగు, ఇదొక్కటే సంస్కృతం. అందుకే తప్పు పాడినా పట్టుకునేవాడు లేడన్న ధైర్యం. గౌళలో దుడుకుగల వచ్చేసరికి గొంతులు సన్నబడ్డాయి. తన తప్పులు తానే ఏకరువు పెట్టుకునే కీర్తన అది, మరి ఎవరి తప్పులు వాళ్ళకి గుర్తొచ్చాయో, సాహిత్యం గుర్తురాలేదో. ఆరభికి సగంమంది పెదవులు మాత్రమే ఆడిస్తున్నారు. ఇక వరాళి. ఆ రాగం గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం ఒకటుంది, అది మావాళ్ళకి భలే కలిసొచ్చింది. "మా గురువుగారు నేర్పలేదండీ, మీకు తెలుసుగా" అని భక్తిగా కళ్ళు మూసుకున్నారు. ఇద్దరు ముసలమ్మలు మాత్రం పుస్తకం చూడకుండా మొత్తం పాడారు, అంత బాగా వింటానని నేను అనుకోలేదు, రాసుకున్న వ్యంగ్యమంతా కాసేపు మర్చిపోయాను. తర్వాత శ్రీరాగంలో ఎందరో మహానుభావులు. బయట ఫోన్లు మాట్లాడుతున్నవాళ్ళతో సహా అరవై మందీ వచ్చేశారు. పులిహోర గిన్నెలు తెచ్చేది సరిగ్గా ఆ కీర్తనకే.

అపార్ట్‌మెంట్ కల్చరల్ నైట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కో పిల్ల డాన్సుకీ ఆ పిల్ల తల్లిదండ్రులే ప్రేక్షకులు, వాళ్ళు కూడా ఫోను తెరలోంచే చూస్తారు, అది అవగానే కుర్చీ మడిచి వెళ్ళిపోతారు. ముగ్గుల పోటీలో 'అందరూ విజేతలే' అని ప్రకటించి అందరికీ ఒకే సైజు స్టీలు డబ్బా ఇచ్చారు. గొడవ మూతల దగ్గర వచ్చింది.

ఇంగ్లిష్ రచయితలు చదివి వినిపించే సభలు కొంచెం వేరు. జనవరిలో లిటరరీ ఫెస్టివల్‌లోనో, మామూలు రోజుల్లో బంజారాహిల్స్ లామకాన్‌లోనో చూడొచ్చు. ఇక్కడ శాలువాల్లేవు, వేదిక మీద ఇద్దరే, కింద వంద. అరె, లెక్క సరిపోయిందే అని సంబరపడ్డాను. ప్రశ్నల సమయం వచ్చింది. మొదటాయన లేచి "నాది ప్రశ్న కాదు, చిన్న పరిశీలన" అన్నాడు. అప్పుడర్థమైంది, ఇక్కడ వక్తలు వందమంది, వేదిక మీది ఇద్దరూ శ్రోతలు. లామకాన్ సమోసా, చాయ్ మాత్రం చవకే.

విమర్శించడం తేలిక, దారి చూపమంటారు మీరు. చూపిస్తాను. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2024లో అది 30 లక్షల 1,000 రూపాయలు పలికింది. ముప్పై ఏళ్ళలో ఒక లడ్డూ సాధించిన ప్రగతి ఇది. ఇదే ముప్పై ఏళ్ళలో తెలుగు కవితా సంపుటి ఎక్కడుంది? వెల 150, సభాస్థలిలో సగం ధరకే, అయినా కట్ట విప్పినవాడు లేడు. కాబట్టి తొలి ప్రతిని స్వీకర్తకి ఊరికే చేతిలో పెట్టడం మానేసి వేలం వెయ్యాలి. పాడుకున్నవాళ్ళకి వ్యాపారం బాగుంటుందని, పొలంలో చల్లితే పంట పండుతుందని ఒక మాట పుట్టించాలి. కవిత్వాన్ని పొలంలో చల్లడం పర్యావరణానికి మంచిదా అన్నది నిపుణులు తేలుస్తారు.

మళ్ళీ ఆ మే నెల సభకి వస్తాను, అది ఇంకా అవలేదు. హాలు తొమ్మిదింటివరకే. తొమ్మిది కొట్టగానే వెనక వరుసనుంచి లైట్లు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది. వాచ్‌మన్. అధ్యక్షుడు పంపిన మూడు చీటీలకీ లొంగని ఆత్మీయ అతిథి, నాలుగో లైటుకి 'సెలవు' అన్నాడు. తెలుగులో విమర్శకులు లేరనేవాళ్ళు ఈ మనిషిని చూడాలి. రోజుకో సభ చొప్పున ఎన్ని వేల ఉపన్యాసాలు విన్నాడో. బోండా చేత్తో పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను.

"సార్, ఇది నిన్నటి పుస్తకమే కదా?" అన్నాడు.

"కాదు, ఇది వేరే."

"మరి నిన్న గూడ గివే మాటలు చెప్పిన్రు. ఏముందట సార్ దీంట్ల?"

నాకు జవాబు తోచలేదు. మూడు గంటలు కూర్చున్నాను, ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. రచయిత అటువైపు ఒక్కడే అట్టపెట్టెలోకి మిగిలిన ప్రతులు సర్దుకుంటున్నాడు, పెట్టె మీద మడత పెట్టిన శాలువా. వెళ్ళి ఒకటి కొన్నాను. వంద నోటిచ్చాను, చిల్లర లేదని తన పాత సంపుటి ఇంకోటి కలిపి ఇచ్చాడు. అందులో సంతకం పెడుతూ నా పేరడిగి, "మీరు నా ప్రతి సభకీ వస్తారండీ, మీరే నా పాఠకులు" అన్నాడు. ఇదే మొదటిదని చెప్పబుద్ధి కాలేదు.

మెట్రోలో సీటు దొరికింది. దానిలో ఏముందో చూసి రేపు వాచ్‌మన్‌కి చెబుదామని పుస్తకం తెరిచాను. ముందుమాట, సభాధ్యక్షుడిది. తర్వాత ఆశీస్సు, ముఖ్య అతిథిది. అభినందన, విశిష్ట అతిథిది. అమీర్‌పేట దాటేసరికి ఆత్మీయ అతిథి రాసిన 'ఒక ఆత్మీయ వాక్యం'లో ఉన్నాను, అది తొమ్మిది పేజీలు. మియాపూర్‌లో తలుపులు తెరుచుకునే వేళకి రచయిత 'నా మాట' మొదలైంది. మొదటి పేరాలో ఆయన ఆ పదకొండు మందికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతున్నాడు.