అమ్మ పేరు మీద ఒక పోస్టు

గోదావరి జిల్లాల వాళ్లకి దానం చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఆకలని వచ్చిన ప్రతివాళ్లకీ వండి వడ్డించిన నేల ఇది, 2024లో బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి రాష్ట్ర ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టింది. ఇప్పటికీ సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఊరికి ఏదో ఒకటి చేసే వెళ్తారు. గుడికి గాలిగోపురం, ఊరి మొదట్లో స్వాగత ద్వారం, అమ్మ పేరు మీద కల్యాణ మండపం, చదువుకున్న కాలేజీకి ఒక బ్లాకు. వీటిలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ ఈ డబ్బులో కొంతైనా యూనివర్సిటీల్లో ఆడవాళ్ల పని, కూలి, చదువు, ఆస్తి మీద పరిశోధన చేసే జెండర్ స్టడీస్ విభాగాలకు వెళ్లాలి. అదీ బిల్డింగుల రూపంలో కాదు, మనుషుల జీతాలుగా, పరిశోధన చేసే అమ్మాయిల ఫెలోషిప్‌లుగా వెళ్లాలి.

ఎందుకంటారా, నరసాపురం సంగతి చూడండి. అక్కడా, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లోనూ లేసు అల్లిక మిషనరీల కాలం నుంచీ ఉంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు తెలుగు సహాయకులను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకి వెళ్లి, ఎవరు రోజుకి ఎన్ని గంటలు అల్లుతున్నారు, దారం ఎవరిస్తున్నారు, కూలి ఎంత ముడుతోంది, లాభం ఎవరి ఇంటికి చేరుతోంది అని ఓపిగ్గా అడిగి రాసుకుంది. 1982లో అది పుస్తకంగా వచ్చింది. అందులో తేలిన విషయం ఇదీ: విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా ఈ ఆడవాళ్లని ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు, ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పనిగానే చూశారు, అలా చూడబట్టే కూలి అంత తక్కువలో ఉండిపోయింది. ఈ అధ్యయనాన్ని ఇప్పటికీ చాలా దేశాల్లో జెండర్ స్టడీస్ విద్యార్థులు చదువుతారు. దానికి వెనక నిలబడింది జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ. అంటే మన పక్కింటి ఆడవాళ్ల కష్టం లెక్క తేలడానికి జెనీవా నుంచి సాయం, జర్మనీ నుంచి మనిషి రావాల్సి వచ్చింది. ఆ లేసుకి ఈ మధ్య భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది, సంతోషం. మరి అల్లే చేతులకి ఇప్పుడు ఎంత దక్కుతోందో పదేళ్లకోసారైనా అంతే వివరంగా చూసి చెప్పేవాళ్లు ఇక్కడి యూనివర్సిటీలోనే ఉండొద్దా?

లేసు ఒక్కటే కాదు. రొయ్యల షెడ్లలో తలలు తీసి, పెంకు వొలిచేది ఎక్కువగా ఆడవాళ్లే, గంటల తరబడి ఐసు నీళ్లలో చేతులు పెట్టి. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్‌కీ ఒమన్‌కీ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు పంపే డబ్బుతో ఎన్నో ఇళ్లకి స్లాబులు పడ్డాయి, వాళ్లు లేని ఏళ్లలో పిల్లల్ని పెంచింది అమ్మమ్మలు. ఊడ్పులూ కలుపులూ ఆడవాళ్లవే, కౌలు కాగితం మీద మాత్రం చాలా ఇళ్లలో మగవాళ్ల పేరే ఉంటుంది. కేంద్రం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఇది దేశం మొత్తానికి సగటు. వరద వచ్చి లంక గ్రామాల్లో బోర్లు మునిగినప్పుడు మంచినీళ్ల కోసం ఆ 289కి ఎన్ని నిమిషాలు తోడవుతాయో ఏ సర్వే కాగితంలోనూ కనపడదు, పడవ ఎక్కి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. ఆ అడిగే మనిషికి నెల నెలా జీతం రావాలి, పడవకీ ఆటోకీ డబ్బులుండాలి.

ఇక్కడే మన యూనివర్సిటీలకి గొంతు పట్టేస్తుంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత మహిళా అధ్యయన కేంద్రాలకి యూజీసీ (యూనివర్సిటీలకి నిధులిచ్చే కేంద్ర సంస్థ) డబ్బిచ్చింది, దేశమంతా వరసగా కేంద్రాలు వచ్చాయి. ఆంధ్రా యూనివర్సిటీలో అలాంటి కేంద్రానికి మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే ఉంది. కానీ ఆ డబ్బు పంచవర్ష ప్రణాళికలతో ముడిపడి వచ్చేది. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసేసరికి కేంద్రాలు ఉంటాయో ఊడతాయో తెలియని టెన్షన్ పట్టుకుంది, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు ఏడాదికోసారి ఆర్డరు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. వచ్చే ఏడాది తను ఉంటుందో లేదో తెలియని టీచరు పదేళ్ల పరిశోధన ఎలా మొదలుపెడుతుంది, పీహెచ్‌డీ విద్యార్థికి ఏం హామీ ఇస్తుంది?

దాత అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. అయితే ఎలా ఇచ్చారన్నది ఎంత ఇచ్చారన్నదానికంటే ముఖ్యం. కోటి రూపాయలు ఉన్నాయనుకోండి. దాంతో ఒక సెమినార్ హాలు కట్టొచ్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు, ఐదేళ్లకి ఏసీలు పాడవుతాయి. అదే కోటిని అసలు ముట్టుకోని మూలనిధిగా బ్యాంకులో వేసి ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏటా ఏడు లక్షలు చేతికొస్తాయి. నెలకి 15 వేల చొప్పున ముగ్గురు పరిశోధక విద్యార్థినులకి ఇస్తే 5 లక్షల 40 వేలు, మిగిలిన లక్షా అరవై వేలలో కొంత ఊళ్లు తిరగడానికి, కొంత ధరల పెరుగుదలని తట్టుకోవడానికి మళ్లీ అసలులో కలపడానికి. రాష్ట్ర యూనివర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన భృతి) రాని అమ్మాయిలు చాలామంది సొంత డబ్బుతోనో, ట్యూషన్లు చెప్పుకునో పీహెచ్‌డీ చేస్తారు, మధ్యలో పెళ్లి కుదిరితే ముందు ఆగిపోయేది అదే. నెలకి 15 వేలు వస్తుంటే ఇంట్లో ఆ చదువుకి ఒక విలువ ఉంటుంది. నా దృష్టిలో ఈ విభాగాలకి దాతలు చేయగల అతి పెద్ద మేలు ఇదే. రెగ్యులర్ పోస్టయితే ఖర్చు ఎక్కువే. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనమే 57,700, భత్యాలు కలిపితే ఏడాదికి పది లక్షలు దాటుతుంది, కోటిన్నర రెండు కోట్లయినా మూలనిధి కావాలి. ఒక్కరికి భారమే, నలుగురు కలిస్తే కాదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు, మన దగ్గర జరిగిందే. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా వెలివేసినంత పని చేసింది, అప్పుడు ఆ ఉద్యమానికి డబ్బుతో అండగా నిలబడింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. తర్వాత వీరేశలింగం గారు తన ఆస్తంతా తను పెట్టిన హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. జనం మెచ్చని పనికి, ప్రభుత్వం ముందుకు రాని పనికి దాత డబ్బు వెళ్లడం ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి. బొంబాయి వైపు, సంఘ సంస్కర్త కర్వే 1916లో మొదలుపెట్టిన మహిళా విశ్వవిద్యాలయానికి 1920లో మిల్లు యజమాని విఠల్‌దాస్ ఠాకర్సీ 15 లక్షలిచ్చి తన తల్లి పేరు పెట్టమన్నారు, అదే ఇప్పటి ఎస్‌ఎన్‌డీటీ విశ్వవిద్యాలయం. దేశంలో మొదటి మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం 1974లో అక్కడే వచ్చింది. కల్యాణ మండపానికి అమ్మ పేరు పెట్టేవాళ్లని నేను అడిగేది కూడా అదే, ఆ పేరుతో ఒక ఫెలోషిప్, ఒక పోస్టు పెట్టండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ జెండర్ పరిశోధన సంస్థకి 2004 నుంచి ఉన్న పేరు, మూలనిధికి భారీగా విరాళమిచ్చిన మిషెల్ క్లేమన్‌ది. గోదావరి జిల్లాల నుంచి కాలిఫోర్నియా వెళ్లి స్థిరపడినవాళ్లకి ఈ పద్ధతి తెలియంది కాదు.

మరో పని కూడా ఉంది, దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. 1902లో ఏలూరులో మొదలైన ‘హిందూ సుందరి’, పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు కాకినాడ నుంచి నడిపిన ‘సావిత్రి’ లాంటి పత్రికల్లో వందేళ్ల కిందటి ఆడవాళ్లు చదువు గురించి, పెళ్లి గురించి, పుట్టింటి ఆస్తి గురించి తమలో తాము వాదించుకున్నారు. ఆ సంచికలు వెతికి, స్కాన్ చేసి, విషయ సూచిక తయారుచేసి అందరికీ తెరిచిపెట్టడం ఒక విభాగం రెండు మూడేళ్లలో చేయగల పని. ఒక్క కుటుంబం పెళ్లి డెకరేషన్ ఖర్చు తగ్గించుకుంటే అయిపోతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. రొయ్యల ఎగుమతిదారు ఇచ్చిన డబ్బుతో నడిచే విభాగం రొయ్యల షెడ్లలో కూలీల మీద నిజం రాయగలదా? పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి కదా, అది ఎన్ని షెడ్లలో ఉందో లెక్కతీయగలదా? అంశం ఏది ఎంచుకోవాలి, ఎవరిని తీసుకోవాలి, ఏం అచ్చువేయాలి అన్న మూడింటిలో దాతకి మాట ఉండకూడదని ఒప్పందంలో రాసుకుంటే తీయగలదు. దీనికి ఒప్పుకోని దాత డబ్బు వద్దనే ధైర్యం యూనివర్సిటీకి ఉండాలి. అంతే కీలకమైనది, డబ్బు ఏటేటా ఇచ్చే గ్రాంటుగా కాకుండా మూలనిధిగా ఉండటం. 2024 జూన్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో ఒక ట్రస్టు గ్రాంటు మీద ఆధారపడ్డ వందమందికి పైగా సిబ్బందికి ఒక్కసారిగా తొలగింపు నోటీసులు వెళ్లాయి, ట్రస్టు మళ్లీ డబ్బిస్తామన్నాక రెండు మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. అంత పేరున్న చోటే అలా జరిగితే జిల్లా యూనివర్సిటీ సంగతి చెప్పాలా?

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, రెగ్యులర్ పోస్టులు నింపాల్సింది ప్రభుత్వమే, ఆ డిమాండు వదలకూడదు. అందుకే దాతలు ఒక షరతు మాత్రం పెట్టొచ్చు, పెట్టాలి: మేమొక పోస్టుకి మూలనిధి ఇస్తాం, మీరు ఖాళీగా ఉన్న మరొకటి నింపండి అని.

ఇవ్వాలనుకునేవాళ్లకి దారులు ఉన్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం, ఆ చట్టం చెప్పిన స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, ఆ జాబితాలో విద్యా ఉంది, స్త్రీ పురుష సమానత్వమూ ఉంది. అయితే 2021 నుంచి మూలనిధికి ఇచ్చే డబ్బు ఈ లెక్కలోకి రాదు, ఫెలోషిప్‌ల్లాంటి నేరు ఖర్చుకే ఈ దారి. విదేశాల్లో ఉంటూ భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. పౌరసత్వం మారినవాళ్లది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే, అప్పుడు ఆ యూనివర్సిటీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉందో లేదో ముందే రిజిస్ట్రార్‌ని అడగాలి. అడిగేటప్పుడే ఇంకో రెండు కూడా అడగండి: మూలనిధికి విడిగా ఖాతా తెరుస్తారా, వడ్డీ ఎవరికి ఎంత వెళ్లిందో ఏటా వెబ్‌సైట్‌లో పెడతారా.