అంగుళం కాని అంగుళం గారికి విన్నపం

మ.రా.రా.శ్రీ అంగుళం సెన్సారు గారి సముఖమునకు,

కెమెరా లోపల వెలుతురు పట్టి బొమ్మ కట్టే పలక అయిన తమరికి, అమలాపురం నుంచి తమ కొత్త యజమాని నమస్కరించి వ్రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు, తమరిని నాకు అమ్మిన కాకినాడ కొట్లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి మూడున్నరకు లేచాను. ఆ మూడు గంటల్లో రెండు టీలు ఇచ్చారు, ఒకసారి ఫ్యాను నా వైపు తిప్పారు, యజమాని గారు భోజనానికి వెళ్ళి వచ్చారు. నేను అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే. అంగుళం సెన్సారు అన్నారు కదా, ఆ అంగుళం ఎక్కడుంది?

తమరికి నా పూర్వాశ్రమం తెలియకపోవచ్చు. తూనికలు కొలతల శాఖలో 31 సంవత్సరాలు పని చేసి దిగినవాణ్ణి. రావులపాలెం అరటి మార్కెట్లోనూ, అంబాజీపేట కొబ్బరి కొట్లలోనూ కాటాలకు ముద్రలు వేసినవాణ్ణి. పెట్రోలు బంకులో అయిదు లీటర్ల కొలపాత్ర పట్టి, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే యజమాని ఎవరి బావమరిది అన్నది చూడకుండా పంపుకు సీలు వేసినవాణ్ణి. ఈ వయసులో ఒక కొలత నా ఇంటికే, అదీ నా జేబులోనే, తగ్గి వస్తుందని నేను ఊహించలేదు.

తమరు మా ఇంటికి వచ్చిన సందర్భాన్ని కూడా మనవి చేస్తాను. మా అబ్బాయి, కోడలు కలిసి చెన్నై రేవు నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి నాకూ మా ఆవిడకూ టిక్కెట్లు కొన్నారు. "మంచి కెమెరా ఒకటి కొనుక్కోండి నాన్నా, ఫోనుతో సరిపెట్టకండి" అని మావాడు డబ్బు కూడా పంపాడు. ఓడ మీద ఎటువంటి కెమెరా కావాలో నేను పదిహేను రోజులు చదివాను. గదులు ఇరుకు కనుక వెడల్పుగా చూసే లెన్సు ఉండాలి. రాత్రి భోజనశాలలో, నాటకశాలలో వెలుతురు తక్కువ. మూడు కాళ్ళ స్టాండు వేసుకుందామంటే, ఇంజను అదురు నేల గుండా ఎక్కి బొమ్మను చెదరగొడుతుంది కనుక అది దండగ. చేత్తో పట్టుకునే తీయాలంటే సెన్సారు పెద్దది కావాలి. అంతా కలిపి చొక్కా జేబులో పట్టాలి. ఈ జాబితా పట్టుకుని కొట్టుకు వెళితే, అక్కడి కుర్రవాడు ఇతర కెమెరాలన్నిటినీ పక్కకు నెట్టి, తమరు ఉన్న జపాను కెమెరా పెట్టె తెరిచాడు. "ఆయ్, ఇందులో అంగుళం సెన్సారండీ. మిగతావాటిలో ఇంత ఉండదండీ" అన్నాడు. నేను ఆ మాటకు లొంగిపోయాను. నా వృత్తిలో అంగుళమంటే ప్రమాణం చేసి చెప్పిన మాటతో సమానం.

ఇంటికి వచ్చి, చీమ తలకాయల వంటి అక్షరాలతో అచ్చేసిన పుస్తకం చివరి పేజీని భూతద్దం పెట్టి చదివాను. సెన్సారు: 13.2 × 8.8 మి.మీ. ఇది చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాను. టీవీని ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలుస్తారు కనుక ఇదీ అంతే కావచ్చునని, న్యాయబుద్ధితోనే, వరండాలో కూర్చుని లెక్క కట్టాను. పదమూడూ చిల్లర వర్గం, ఎనిమిదీ చిల్లర వర్గం, రెండూ కూడి వర్గమూలం తీస్తే 15.9 మిల్లీమీటర్లు వచ్చింది. అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లని 1959లోనే దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. నా ఉద్యోగకాలపు స్టీలు స్కేలు తెచ్చి కాగితం మీద రెండు గీతలూ గీశాను. లోపలి నుంచి మా ఆవిడ "అరటికాయ వేపుడు చల్లారిపోతోంది" అని రెండుసార్లు కేక వేసింది. ఒక గీత పక్కన ఇంకొక గీత, పెళ్ళికొడుకు పక్కన తోడిపెళ్ళికొడుకులాగా నిలబడి ఉంది. అది చూస్తూ నేను లేవలేకపోయాను.

నూటికి అరవై రెండు వంతులు. అంటే కిలో రాయి అని చెప్పి 620 గ్రాముల రాయి పెట్టడం. ఈపాటి రాయి పెట్టి చింతపండు అమ్మిన వ్యాపారిని నేను బజారు మధ్య నిలబెట్టి కేసు రాశాను. ఆయనకు జపాను భాష రాకపోవడమే ఆయన చేసిన నేరమేమో అని ఇప్పుడు అనిపిస్తున్నది.

తమ తమ్ముళ్ళ సంగతి ఇంకా ఘనం. చౌక కెమెరాల్లో ఉండే చిన్న సెన్సారును "ఒకటి బై రెండు పాయింట్ మూడు అంగుళాలు" అంటారట. భిన్నానికి అడుగున దశాంశం పెట్టిన ఈ కొలతను తవ్వ, సోల, గిద్దలతో ధాన్యం కొలిచిన మా తాతగారు వింటే, లెక్క చెప్పినవాడికి దిష్టి తీయించేవారు. పైగా ఆ లెక్క చేస్తే 11 మిల్లీమీటర్లు రావాలి. లోపల ఉన్నది మూల నుంచి మూలకు ఏడున్నర చిల్లరే. కుటుంబమంతా ఒకే అలవాటులో ఉన్నదన్నమాట.

ఈ పేరు ఎక్కడిదని వెతికాను. టెలివిజను తొలిరోజుల్లో కెమెరాల లోపల విడికాన్ అనే గాజు గొట్టం ఉండేది. గొట్టం బయటి వ్యాసం అంగుళం. దాని లోపల, గాజు మందమూ అంచులూ పోగా, బొమ్మ పడే చోటు మూల నుంచి మూలకు సుమారు 16 మిల్లీమీటర్లు. ఆ గొట్టాలు ఎప్పుడో పాత సామాన్ల బండికి వెళ్ళిపోయాయి, వాటి స్థానంలో సిలికాను పలకలు వచ్చాయి. గొట్టం పోయినా గొట్టం పేరు మాత్రం పోలేదు. అనగా తమరు లేని గొట్టానికి ఉన్న వ్యాసాన్ని చూపి నా దగ్గర డబ్బు తీసుకున్నారు. కొబ్బరికాయను పీచుతో సహా తూచి "ఇంత కొబ్బరి" అని చెప్పినట్లు. ఇంకా నిజం చెప్పాలంటే, పీచు కూడా లేకుండా, ఒకప్పుడు ఉండిన పీచును తూచినట్లు.

ఈ ఆధారాలన్నీ చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, నిన్న ముమ్మిడివరం బస్సెక్కి, ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళాను. మూడు గంటల తరువాత యజమాని గారు నా పుస్తకాన్ని ఎంతో మర్యాదగా తిరగేసి, నవ్వి, "అది పేరండీ, కొలత కాదు. చూడండి, అంగుళం రకం అని రాశాడు" అన్నారు. నిజమే, పెట్టె అడుగున "రకం" అనే మాట ఉంది. అంగుళం రకం అంటే ఏమిటి? నా సర్వీసులో కిలో రకం, లీటరు రకం, గజం రకం అని ఎవరైనా అని ఉంటే ఆ సాయంత్రమే వారి కొట్టుకు తాళం పడేది. ఆయన అక్కడితో ఆగలేదు. "కాసు కూడా నాణెం పేరే కదండీ మాస్టారూ, మనం బంగారానికి కొలతగా వాడుకోవట్లేదా" అన్నారు. నేను మాస్టారిని కాను.

ఆ మాటకు కొట్లో ఉన్న నలుగురూ తలలూపారు. నాకూ ఒక క్షణం నోట మాట రాలేదని ఒప్పుకుంటున్నాను. జవాబు యానాం దగ్గర, బస్సు కిటికీలోంచి గౌతమి గోదావరి కనిపించినప్పుడు తట్టింది, ఎప్పటి మాదిరిగానే ఆలస్యంగా. అయ్యా, కాసు పేరే. కానీ మా ఊళ్ళో కాసు బంగారం అడిగితే ఎనిమిది గ్రాములు తూచి, బిల్లు మీద గ్రాములు రాసి ఇస్తారు. అయిదు గ్రాములు చేతిలో పెట్టి "అది పేరండీ" అనే మనిషి ఈ జిల్లాలో రెండో రోజు కొట్టు తెరవలేడు. మీ పక్క అరలోనే టీవీలు ఉన్నాయి, వాటి డబ్బాల మీద సెంటీమీటర్లు రాసి ఉన్నాయి. 2009లో తూనికలు కొలతలకు చట్టం చేసి, 2011 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసి, పాకెట్ బిస్కట్ల మీద కూడా గ్రాములు రాయించుకున్న దేశం ఇది. ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువుకు గుండెకాయ వంటి భాగాన్ని, ఆ వస్తువు పుట్టక ముందే చచ్చిన గొట్టం పేరుతో అమ్ముతారా? సిగ్గు అనేది ఒకటి ఉంటుంది. దానికి రకాలు లేవు.

క్షమించాలి. రక్తపోటు మాత్ర వేసుకుని వచ్చాను.

తమ ఇరుగుపొరుగు గురించి కూడా రెండు మాటలు రాసి ముగిద్దామనుకుంటున్నాను. మా మేనల్లుడి కెమెరా పెట్టె మీద 30 ఎక్స్ అని బొటనవేలంత అంకె ఉంది. ముప్పై రెట్లు అంటే కంటికి కనిపించేదానికి ముప్పై రెట్లు కాదట. దాని లెన్సును దూరానికి లాగినప్పటి పొడుగు చివర 720 మి.మీ., వెడల్పుగా చూసే పొట్టి చివర 24 మి.మీ., ఒకదాన్ని ఒకటి భాగిస్తే ముప్పై. చిన్నప్పుడు మరీ పొట్టిగా ఉన్నవాడు ఎక్కువ ఎదిగాడని బహుమతి ఇవ్వడం వంటిది. ఆపైన ఉన్న డిజిటల్ జూము గురించి మాట్లాడటం నా స్థాయికి తగదు. ఇక తమరి కెమెరాకు వస్తే, ఎండలో వెనుక తెర మీద నా ముఖం తప్ప మరేదీ కనబడదు. బ్యాటరీ ఒక్కటే మర్యాదస్తురాలు. ఒక్క ఛార్జికి 260 బొమ్మలు అని రాశారు, నాకు అంతకన్నా ఎక్కువే వచ్చాయి. జపాను కెమెరా సంస్థల సంఘం వారి పరీక్షలో బొమ్మ విడిచి బొమ్మకు ఫ్లాష్ వెలిగించి కొలుస్తారట, నేను ఫ్లాష్ ముట్టుకోను. తక్కువ చెప్పి ఎక్కువ ఇచ్చే కొలతను నేను ఈ పెట్టెలో ఒక్కటే చూశాను.

ఇక క్రితం ఆదివారం సంగతి. దాన్ని దాచిపెట్టి ఫిర్యాదు చేస్తే పంచనామాలో సగం చించేసినట్లు అవుతుంది కనుక రాస్తున్నాను. ఓడకు ముందు అలవాటవుతుందని డిండిలో హౌస్‌బోటు మీద ఒక రాత్రి ఉన్నాము. తెల్లవారుజామున అయిదున్నరకు ఏసీ గదిలోంచి తమరిని తీసుకుని డెక్కు మీదకు వచ్చేసరికి, వశిష్ఠ గోదావరి మీద నుంచి వచ్చిన తేమగాలికి లెన్సు ఒక్కసారిగా పాలు పోసినట్లు తెల్లబడింది. పైపంచె కొంగుతో తుడిచాను. రెండు క్షణాల్లో మళ్ళీ తెల్లబడింది. నాలుగుసార్లు తుడిచేలోగా, వలలు సర్దుకుంటూ ఇద్దరు మనుషులు నాటుపడవలో నా ముందు నుంచే, కొబ్బరాకుల నీడలోంచి, మూరెడు ఎత్తున లేచిన ఎర్ర సూర్యుడికి అడ్డంగా వెళ్ళిపోయారు. లెన్సు వేడెక్కి తేరుకునేసరికి పావుగంట పట్టింది. సూర్యుడు అప్పటికి ఆఫీసుకు వెళ్ళే వేషంలో ఉన్నాడు. ఇది తమ తప్పు కాదు. గదిలో ఉండగానే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెట్టి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయాలట. ఓడలోనూ ఏసీ గదే కనుక సంచి ఒకటి పెట్టెలో వేసుకున్నాను.

అంతకు ముందు సాయంత్రం, అదే పడవ మీద, మేనల్లుడూ నేనూ రెండు కెమెరాలు పట్టుకుని ఒకేచోట నిలబడ్డాము. సూర్యుడు ఆవలి ఒడ్డున నరసాపురం వైపు దిగిపోయాడు. చించినాడ వంతెన మీద లారీల దీపాలు వెలిగాయి. మా ఆవిడ రెయిలింగు దగ్గర కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, జామకాయ కోసుకుంటున్నది. ఇద్దరమూ ఆమెనే తీశాము. వాడి బొమ్మలో ఆమె ముఖం బొంబాయి రవ్వతో చేసినట్లు వచ్చింది. తమరి బొమ్మలో ముఖం ముఖంలాగానే ఉంది. చీకటి పడిన నీటి రంగు, జామముక్క మీద ఉప్పుకారం, కళ్ళజోడు అంచున వంతెన దీపం చుక్క, అన్నీ ఉన్నాయి. ఇంటికి వచ్చి లెక్క చూశాను. తమ విస్తీర్ణం 116 చదరపు మిల్లీమీటర్లు, వాడి దానిది 28. నాలుగు రెట్లకు పైచిలుకు. పొలాన్ని ఎవరూ మూల నుంచి మూలకు కొలిచి అమ్మరు, సెంట్లలో చెబుతారు. తమరు కూడా ఆ నిజం అంకె చెప్పుకుని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చినప్పుడు, ఇంత పలక చొక్కా జేబులో ఎలా పట్టిందని తెలిసినవారు ఎందుకు ఆశ్చర్యపోయారో నాకు ఆ జామముక్క చూశాక అర్థమైంది. పదహారు మిల్లీమీటర్లుగానే తమరు గౌరవనీయులు. అబద్ధం అవసరమేముంది?

వాపసు ఇవ్వమని మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ బొమ్మను ఆమె అప్పటికే చెల్లెళ్ళందరికీ పంపింది. అందుచేత వేరే మార్గం లేక, ఈ ఉదయం అట్టముక్కకు జిగురు రాసి, తమ నొసటన అచ్చేసి ఉన్న 1.0 అనే అంకె మీద అతికించి, దానిపై నల్లసిరాతో 15.9 మి.మీ. అని రాశాను. పక్కన తేదీ, పొడి సంతకం. శాఖ ముద్ర నా దగ్గర ఇప్పుడు లేదు. ఓడ మీద ఎవరైనా తమరిని సైజెంత అని అడిగితే అది చూపించండి.

ఇట్లు,
తూనికలు కొలతల శాఖ విశ్రాంత తనిఖీదారు,
అమలాపురం