పూతకి లోటు లేదు, కాయ ఏదీ?
చెర్రీ పూత పూసి కాయ నిలవకపోతే ఎరువు పెంచమని ఒకరు సలహా రాశారు, అది మాత్రం నేను ఒప్పుకోను. నత్రజని ఎక్కువైతే కొమ్మలు, ఆకులే తప్ప కాయ రాదు. మేముండే న్యూజెర్సీలో మనవాళ్ళు పేరు విన్నాం కదా అని బింగ్ అనే తియ్య చెర్రీ రకం ఒక్క మొక్క తెచ్చి పెరట్లో పాతేస్తారు, అది తన పుప్పొడితో తాను కాయదు, పక్కన అదే సమయానికి పూసే వేరే రకం ఉండాలి, అదీ ఏదో ఒకటి అంటే కుదరదు, లాంబర్ట్ రకం పెట్టినా దాని పుప్పొడి బింగ్‌కి పనికిరాదు. చోటు తక్కువుంటే స్టెల్లా, లాపిన్స్ రకాలు ఒంటరిగానే కాస్తాయి. పుల్లటివి ఫర్వాలేదంటే మాంట్‌మోరెన్సీ పెట్టుకోండి, మామిడికాయ దొరకనప్పుడు మా ఇంట్లో పప్పులోకి అదే.

ఆకుల మీద ఊదా చుక్కలొచ్చి, పసుపెక్కి ఎండాకాలంలోనే రాలిపోతుంటే నీళ్ళు ఇంకా పోయకండి, అది ఆకుమచ్చ తెగులు. రాలిన ఆకులన్నీ ఊడ్చేయాలి, శిలీంధ్రం చలికాలమంతా వాటిలోనే ఉంటుంది. పిట్టలకైతే వల ఒక్కటే దారి, కాయ రంగు తిరగకముందే కప్పాలి.

చెర్రీ హైదరాబాద్‌లో పెంచొచ్చా అని ఎవరో అడిగారు. ఈ చెర్రీకి సుమారు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలండీ, అక్కడ డబ్బు దండగ.