కబ్జా చేసేవాడికి 12 ఏళ్ల ఓపిక ఎక్కడిది?

విజయవాడ సత్యనారాయణపురంలో తెలిసిన పెద్దాయన ఒకరు మొన్న అద్దెవాళ్లను ఖాళీ చేయించారు. ఒకటో తారీఖుకల్లా అద్దె చేతిలో పెట్టే కుటుంబం. 'పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందట, వాట్సాప్‌లో వచ్చింది' అన్నారు. అవ్వదండీ. అద్దె కడుతున్నారంటేనే మీరు ఓనరని ఒప్పుకున్నట్టు. మీ అనుమతితో ఉన్నవాళ్లు, కాపలా మనిషైనా సరే, ఎన్నేళ్లున్నా అది ప్రతికూల స్వాధీనం కాదు. అంటే, పరాయి స్థలాన్ని ఓనర్ అనుమతి లేకుండా 12 ఏళ్లు బాహాటంగా అనుభవించినవాడికి, ఓనర్ కేసు వేయకుండా ఊరుకుంటే హక్కు దక్కే నియమం.

ఈ చట్టమే దొంగలకు కొమ్ముకాస్తోందని కొందరి వాదన. 2008లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా విమర్శించి, పునరాలోచించమని కేంద్రానికి చెప్పింది. కాదనను. 2023లో లా కమిషన్ మాత్రం మార్పు అక్కర్లేదంది. నాదీ అదే మాట.

ఎందుకంటే మన కబ్జాదారుడు ఈ దారిన రాడు. ఈ హక్కు అడిగేవాడు కోర్టులో 'స్థలం నీదే, నేనే ఫలానా తేదీ నుంచి అందరికీ తెలిసేలా, నీకు ఎదురు నిలిచి, 12 ఏళ్లు ఆగకుండా అనుభవించాను' అని చెప్పి, రుజువు చేసుకోవాలి. కబ్జాదారుడి చేతిలో ఉండేది చచ్చిపోయినవాడి పేరున పుట్టించిన జీపీఏ, అంటే ఓనర్ తరఫున లావాదేవీలు చేసే అధికార పత్రం. రాత్రికి రాత్రి జేసీబీ దిగుతుంది, హద్దు రాళ్లు లేస్తాయి, తెల్లారేసరికి రేకుల షెడ్డు. ఆపైన 'కూర్చుని మాట్లాడుకుందాం' అంటూ ఫోన్. వాడికి 12 ఏళ్లెందుకు, రెండు నెలలు చాలు!

దీంతో బతికేది వేరేవాళ్లు. ఎప్పుడో తెల్ల కాగితం మీద కొనుక్కుని, ఇల్లు కట్టుకుని, పన్ను కడుతూ ముసలివాళ్లయినవాళ్లు. అమ్మినవాడి మనవడు వచ్చి 'రిజిస్ట్రేషన్ ఏదీ?' అంటే వాళ్లు పట్టుకోగలిగిన కొమ్మ ఇదొక్కటే. (గుణదల కొండ మీది ఇళ్ల లెక్క వేరు. సర్కారు భూమికి గడువు 30 ఏళ్లు.)

అసలు నా కోపం ఖాళీ ప్లాట్ల మీద. పటమటలో చూడండి, గుంటూరు గోరంట్లలో చూడండి. మధ్యలో సర్కారు తుమ్మ, పక్కింటి మురుగు, పందులు, సాయంత్రమైతే దోమలు. ఓనర్ హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని గజం రేటు మాత్రం కనుక్కుంటాడు. ఎవరైనా ఆక్రమిస్తే కేసు వేయడానికి చట్టం 12 ఏళ్లిచ్చింది. ఆ 12 ఏళ్లలో ఒక్కసారి కూడా తొంగిచూడనివాడి కోసం మనం కన్నీళ్లు పెట్టుకోవాలా?

మా వీధి చివర అలాంటిదే ఒకటుంది. గోడ మీద 'ఈ స్థలం అమ్మబడదు' అన్న అక్షరాలు సగం రాలిపోయాయి. కింద ఫోన్ నంబర్, ఆరంకెల ల్యాండ్‌లైన్.