వైరుధ్యం ఎక్కడుందండీ?

స్థానిక సంస్థల్లో పదవులు వెలగబెడుతున్నవారి కోసం ‘ప్రయోజనాల వైరుధ్యం’ (అంటే పదవి బాధ్యతకు సొంత లాభం అడ్డుపడటం) నిబంధనలను తిరగరాస్తారట. శుభం. కాకపోతే ముందు ఆ పేరు మార్చమని నా మనవి. సభ్యుడు ఓ రోడ్డు మంజూరు చేయిస్తాడు. అది ఆయన స్థలం ముందునుంచే వెళ్తుంది. వేసే కాంట్రాక్టరు ఆయన బావమరిది. కంకర ఆయన భార్య పేరున ఉన్న క్రషర్‌లోంచి వస్తుంది. ఇందులో వైరుధ్యం ఎక్కడుందండీ? ఇంత పొందికగా ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయిన ప్రయోజనాలను నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

వెనకటివాళ్లకు ఈ పొందిక విలువ తెలియలేదు. ఇంగ్లండులో లార్డ్ ఛాన్సలర్, అంటే అప్పట్లో పెద్ద న్యాయమూర్తి, కాటెన్‌హామ్ ఓ కాలువ కంపెనీకి అనుకూలంగా ఇచ్చిన ఉత్తర్వును 1852లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) కొట్టేసింది. ఆయనకు అదే కంపెనీలో వాటాలున్నాయని. ఆ వాటాలను చూసుకుని ఆయన మొగ్గారని ఎవరూ అనలేదు, కనీసం అనుమానించలేదు. అయినా కొట్టేశారు. అంత పెద్దాయనకు వాటాలు ఎవరి పేరున పెట్టుకోవాలో చెప్పే ఆడిటరే దొరకలేదు, పాపం.

ఇక ‘కుటుంబం’ అనే మాట. నిబంధన బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఇంగ్లండులోనే 2011 నాటి లోకలిజం చట్టం కౌన్సిల్ సభ్యుడి ఆర్థిక ప్రయోజనాలతో పాటు ఆయన జీవిత భాగస్వామివీ చెప్పమంటుంది. అక్కడితో ఆగుతుంది. కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు ఆ గీతకు అవతలే. చట్టం రాసినవారి సంస్కారం అలాంటిది. ఇది చాలదు, ‘రక్తసంబంధీకులు’ అని రాయండి అని కొందరు పట్టుబడుతుంటారు. రాయండి. అప్పుడు పదేళ్లుగా మనతో కోర్టులో కొట్లాడుతున్న అన్నగారు లెక్కలోకి వస్తాడు, బావమరిది తప్పించుకుంటాడు. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అన్న సామెత ఏ ముసాయిదా కమిటీకీ ఎవరూ చెప్పినట్టు లేరు. పోనీ పెళ్లి సంబంధాలూ కలపండి అంటే తోడల్లుడు వస్తాడు, వియ్యంకుడు వస్తాడు, వియ్యంకుడి తోడల్లుడు వస్తాడా రాడా అన్నది తేలేసరికి టెండరు గడువు ముగుస్తుంది. డ్రైవరు పేరున ఉన్న కంపెనీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. డ్రైవరు చుట్టం కాదు కదా.

బహుమతుల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇంత విలువ దాటితే రిజిస్టరులో రాయాలంటారు. బహుమతులన్నీ ఆ గీతకు వెంట్రుకవాసి కిందే ఆగిపోతాయి, ముందే చదువుకుని వచ్చినట్టు.

అసలు అందం సభలో చూడాలి. ఏడో అంశం రాగానే సభ్యుడు లేచి, చొక్కా సర్దుకుని, “అధ్యక్షా, ఈ అంశంలో నాకు ప్రయోజనం ఉంది కాబట్టి బయటకు వెళ్తున్నాను” అంటాడు. బల్లలు మోగుతాయి. ఆయన వరండాలో నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు. తలుపు ఓరగా తీసే ఉంటుంది, గాలి కోసం. లోపల చర్చ ఉండదు. ఆయన చెప్పాల్సింది నిన్న రాత్రే అందరికీ చెప్పేశాడు. నాలుగు నిమిషాల్లో అటెండరు వచ్చి “అయిపోయిందండి, రండి” అంటాడు. ఆయన లోపలికి వస్తుంటే ఎనిమిదో అంశం తాలూకు సభ్యుడు ఎదురొస్తాడు. గుమ్మంలో ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారు. ఆ మర్యాద చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఒక్కొక్కరూ ఇలా లేచి వెళ్లడం శ్రమ అనుకునేవారికి పైన చెప్పిన చట్టంలోనే ఉపాయం ఉంది. ప్రయోజనం ఉన్నవాళ్లు మరీ ఎక్కువైపోయి సభ నడవడమే కష్టమైతే, రాతపూర్వకంగా అడిగినవారికి మినహాయింపు ఇవ్వొచ్చు, ఒకసారికి నాలుగేళ్ల దాకా. ఒక్కడికి వాటా ఉంటే బయటకు నడవాలి. అందరికీ ఉంటే కూర్చోవచ్చు. అంటే తప్పంతా ఒంటరిగా తినడంలోనే ఉందన్నమాట. సభ్యుల మధ్య ఐకమత్యం పెంచడానికి ఇంతకన్నా మంచి నిబంధన నాకు తట్టడం లేదు. కొత్త ముసాయిదాలో దీన్ని మొదటి పేజీకి తేవాలి.

ఆ ముసాయిదా కూడా సభ ముందుకే రావాలి కదా. వచ్చిందే అనుకోండి. ప్రయోజనాల నిబంధనలు మార్చడంలో ప్రయోజనం లేని సభ్యుడు ఎవరు? రూలు ప్రకారం అందరూ లేచి వరండాలోకి నడవాలి. వరండా చాలదు. కోరం పోతుంది. కాబట్టి అందరూ తలో కాగితం రాసిచ్చి మినహాయింపు తీసుకుంటారు. మినహాయింపు ఇచ్చేదీ వాళ్లే. మినిట్స్ రాసే గుమాస్తా ఒక్కడే నిలబడి, “అయ్యా, నా మేనల్లుడు మన ఆఫీసుకే జిరాక్స్ కాగితాలు సప్లై చేస్తాడు, నేను బయటకు వెళ్లాలా?” అని అడుగుతాడు.

అతని మీద విచారణకు ఆదేశించి, సభ తర్వాతి అంశంలోకి వెళ్తుంది.