పేరు మారిస్తే ఎంపీ4 అయిపోదు

పెళ్లి సీడీల గురించి ఒక ఫార్వర్డ్ విశాఖ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. సారాంశం ఇది: "డిస్కులోని ఫైళ్లు కాపీ చేసి చివర ఎంపీ4 అని పేరు మార్చండి. ఎంత పెద్ద పెన్‌డ్రైవ్‌లో వేసినా పాత టీవీ, పాత డీవీడీ ప్లేయర్ రెండింట్లోనూ ఆడుతుంది. క్లారిటీ కోసం 4కే చేయించండి. గీతలుంటే టూత్‌పేస్ట్ రుద్దండి. తర్వాత డిస్కులు పారేయండి."

"పేరు మారిస్తే చాలు"

ఇందులో సగం నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. డీవీడీలోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో ఉండే వీఓబీ ఫైళ్లు ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియో. పేరు మార్చినా లోపల సరుకు అదే. కంప్యూటర్‌లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్రోగ్రామ్ పేరు పట్టించుకోకుండా లోపల ఏముందో చూసి ఆడించేస్తుంది. కంప్యూటర్ మీద చూసినవాళ్లు "పనిచేసింది" అనేది అందుకే. పాత టీవీలు చాలావరకు పేరు చివరి అక్షరాల్నే నమ్ముతాయి. ఎంపీ4 అనుకుని విప్పబోతాయి, లోపల అది కనపడక చేతులెత్తేస్తాయి. అదే వీఓబీకి ఎంపీజీ అని పేరు పెడితే చాలా ప్లేయర్లు ఆడిస్తాయి, రెండూ ఒకే జాతి కాబట్టి. ఫార్వర్డ్ రాసినాయన రెండు మూడు అక్షరాల దగ్గర బోల్తాపడ్డాడు.

వీఓబీలు 1 జీబీ దాటకుండా ముక్కలుగా ఉంటాయి. పేరు చివర 0 ఉన్నది మెనూ, దాన్ని వదిలేసి 1 నుంచి వరుసగా కలపాలి. వీసీడీ అయితే ఎంపెగ్ఏవీ ఫోల్డర్‌లో చివర డీఏటీ (.dat) అని ఉన్న ఫైలు ఉంటుంది. అది 352×288 ఎంపెగ్-1 వీడియో, పైన ఇంకో తొడుగు ఉంటుంది. తొడుగు తీస్తేగానీ పాత పరికరం గుర్తుపట్టదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా (కొత్తగా కుదించకుండా) "కాపీ" పద్ధతిలో ఎంపీజీగా మారిస్తే నాణ్యత ఏమాత్రం తగ్గదు.

"టీవీలోనూ ప్లేయర్‌లోనూ ఒకే ఫైలు"

కుదరదు. యూఎస్‌బీ ఉన్న పాత డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి హెచ్.264 (ఎంపీ4 ఫైళ్లలో సాధారణంగా ఉండే వీడియో కుదింపు పద్ధతి) రాదు. వాటికి ఎక్స్‌విడ్ అనే వేరే పద్ధతి వీడియో, ఎంపీ3 ఆడియో ఉన్న ఏవీఐ ఫైలు కావాలి, సైజు 720×576 దాటకూడదు. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్ ఏవీఐ ఇవ్వదు కాబట్టి ఏవీడీమక్స్ అనే ఇంకో ప్రోగ్రామ్ వాడాలి. అందులో ఎక్స్‌విడ్ సెట్టింగుల్లోని క్వార్టర్ పిక్సెల్, గ్లోబల్ మోషన్ ఆప్షన్లు రెండూ తీసేయాలి. అవి ఉంటే బొమ్మ గడ్డకడుతుంది, లేదా ఫైలే తెరుచుకోదు.

హెచ్.264 తెలిసిన టీవీకి హ్యాండ్‌బ్రేక్‌లో 576పీ25 ప్రీసెట్ ఎంచుకుని, ఎన్‌కోడర్ ఎక్స్264, ప్రొఫైల్ మెయిన్, క్వాలిటీ 20, ఫ్రేములు స్థిరంగా 25, ఆడియో ఏఏసీ 160 పెట్టాలి. దీని తర్వాతి తరమైన హెచ్.265 జోలికి వెళ్లొద్దు. అనామార్ఫిక్ (బొమ్మని నొక్కిపెట్టి దాచి, ఆడించేటప్పుడు సాగదీసే ఆప్షన్) ఆపేసి, 4:3 డిస్కుకి 768×576, వైడ్ డిస్కుకి 1024×576 ఇవ్వాలి. ఆపకపోతే కొన్ని టీవీల్లో మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తారు. లెవెల్ (ఫైలు ఎంత బరువుండొచ్చో చెప్పే హద్దు) 3.1 పెట్టాలి. 720×576 అయితే 3.0 హద్దుకి సరిగ్గా సరిపోతుంది, 768 దాన్ని దాటిపోతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది డీఇంటర్‌లేస్. అప్పటి పెళ్లి వీడియోల్లో ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల గీతలు కలిసి ఉంటాయి. తలంబ్రాలు పోసే చెయ్యి కదిలినప్పుడల్లా అంచున దువ్వెన పళ్లు కనిపించేది అందుకే. వాటిని సరిచేసే ఫిల్టరే డీఇంటర్‌లేస్. డీఇంటర్‌లేస్ చేయకుండా సైజు మార్చారా, ఆ పళ్లు బొమ్మలో కలిసిపోతాయి, తర్వాత ఏ ఫిల్టరూ తీయలేదు. వీసీడీకి మాత్రం ఈ ఫిల్టర్ అక్కర్లేదు.

"ఎంత పెద్ద పెన్‌డ్రైవ్ అయినా"

పాత పరికరాలకు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండాలి, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌తో వస్తాయి, పాత ప్లేయర్ వాటిని చూడనే చూడదు. 16 లేదా 32 జీబీది తీసుకోండి. సెకనుకి 1500 కిలోబిట్లతో చేసిన రెండు గంటల పెళ్లి 1.5 జీబీలో పడుతుంది. ఫైలు పేర్లు పొట్టిగా, ఇంగ్లిష్‌లో పెట్టండి. తెలుగులో పెడితే స్క్రీన్ మీద డబ్బాలు వస్తాయి.

"4కే క్లారిటీ"

4కేలో పిక్సెళ్లు డీవీడీకి సరిగ్గా 20 రెట్లు. కెమెరా చూడని వివరం ఎక్కడినుంచి వస్తుంది? పైగా పాత టీవీ ఆ ఫైలుని ముట్టుకోదు.

"టూత్‌పేస్ట్ రుద్దండి"

టూత్‌పేస్ట్ ఒక రకం గరుకు పొడి. కింది వైపు సన్నగీత కొంత చదునవ్వొచ్చు, చుట్టూ కొత్త మసక మాత్రం ఖాయం. పేరు రాసే పై వైపు ఎప్పుడూ రుద్దకూడదు. సీడీ, వీసీడీల్లో డేటా ఆ పూత కిందే ఉంటుంది, అక్కడ గీత పడితే ఇక అంతే. వీసీడీకి ఇంకో బలహీనత కూడా ఉంది. వీడియో సెక్టార్లలో మామూలు డేటా సీడీకి ఉండే అదనపు దోష సవరణ ఉండదు, అందుకే చిన్న గీతకే కాపీ ఆగిపోతుంది.

సముద్రపు తేమకి, 2014 హుద్‌హుద్ తుపాను వానలో తడిసి కవరు అతుక్కుపోయిన డిస్కులు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నాయి. కవరు లాగితే మెరిసే పూత దానితోపాటే ఊడొస్తుంది. కాసేపు మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా జార్చాలి. ఒక చుక్క సబ్బునీళ్లతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. పూర్తిగా ఆరాకే డ్రైవ్‌లో పెట్టాలి. అప్పటికీ చదవకపోతే వేరే డ్రైవ్‌లో వేసి చూడండి, ఒక డ్రైవ్ వదిలేసింది ఇంకోటి చదవడం మామూలే. యూఎస్‌బీ డ్రైవ్ మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంటే హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. గీతలున్న డీవీడీని ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్‌గా (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) దించి, కన్వర్ట్ చేసేది ఆ ఇమేజ్ నుంచి చేయాలి.

"డిస్కులు పారేయండి"

ఇమేజ్ రెండు చోట్ల దాచేదాకా వద్దు. ఫైలు మొదటి రెండు నిమిషాలు చూసి తృప్తిపడొద్దు కూడా. డిస్కు మీద లోపలి నుంచి బయటికి రాస్తారు, చౌక డిస్కుల్లో తరచూ ముందు చెడేది బయటి అంచు. ముహూర్తం చక్కగా వచ్చి, అప్పగింతల దగ్గర బొమ్మ గళ్లు పడుతుంది.